కరతలామలకము

కన్నులతో చూడవలసిన వస్తువును గూర్చి చెవులకు చెప్పుమని నన్ను ఇచ్చటికి పిలిచినారు. విజ్ఞానశాస్త్రమును సామాన్యులకు తెలియజెప్పు డాక్యుమెంటరీ చిత్రములు, వాని ముందు నిలిచి మనతో మాటలాడు భౌతికశాస్త్రజ్ఞులు, ఇది నేటి ప్రసంగ విషయము. నక్షత్రములు పగిలిపోవుట, శనిగ్రహ వలయముల ప్రక్కనుండి నౌక దూసుకొనిపోవుట మొదలగు దృశ్యములలో ఒక్కదానినైనను ఈ రేడియో పెట్టెలోనుండి మీకు చూపగల శక్తి నాకు లేదు. ఈ అశక్తత నన్ను మొదట కొంత బాధించినది. కాని, ఇన్నేండ్లుగా చూచిన ఆ చిత్రములలో మనస్సున నిలిచిపోయినవి ఏవియో అని కన్నులు మూసుకొని నెమరువేసికొనగా, ఒక వింత బయటపడినది. నక్షత్రమండలము ఒక్కటియు జ్ఞాపకమునకు రాలేదు, వచ్చినవన్నియు చేతులే. ఒకరి చేతిలో కొవ్వొత్తి, ఒకరి చేతిలో వంచిన అట్టముక్క, ఒకరి చేతిలో మంచునీళ్ల గ్లాసు, ఒకరి చేతిలో బురద.

సందేహమునకు తావులేకుండ తెలిసిన విషయమును మన పెద్దలు కరతలామలకమనిరి. అరచేతిలోని ఉసిరికాయను గూర్చి మనకెవరును ఉపన్యసింపనక్కఱలేదు. దాని గుండ్రదనము, దాని చారలు, దాని చల్లదనము ఒక్కసారిగా తెలియును. ఉసిరికాయకు సులభమైన ఈ సౌకర్యమును సూర్యునికిని, పరమాణువునకును కల్పించుట ఎట్లు? ఆ విద్య తెలిసిన కొందఱిని గూర్చి నాలుగు మాటలు చెప్పెదను.

ఈ విద్యకు ఆదిగురువు టెలివిజను పుట్టుటకు నూఱేండ్లు ముందటివాడు. మైకేల్ ఫారడే ఒక కమ్మరి కుమారుడు. లండను నగరమున పుస్తకములకు అట్టలు కట్టు దుకాణములో పని నేర్చుకొనుచు, 1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఇచ్చిన ఉపన్యాసములను విని, విన్నదంతయు శ్రద్ధగా వ్రాసికొని, తన చేతులతోనే దానికి అట్టకట్టి, ఆ గ్రంథమును డేవీకే పంపి, ఆ మఱుసటి యేడు అచ్చటనే సహాయకుడుగా చేరెను. విద్యుచ్ఛక్తిని గూర్చి అతడు కనిపెట్టిన విషయములు లోకవిదితములు. వానిని విడిచి, 1825లో ఆ సంస్థ బాలబాలికలకై ఆరంభించిన క్రిస్మస్ ఉపన్యాసములను గూర్చియే నేను చెప్పదలచితిని. ఆ ఉపన్యాసములను ఫారడే పందొమ్మిది పర్యాయములు ఇచ్చెను. వానిలో కడపటివి, 1860-61 శీతకాలమున, డెబ్బదియేండ్లకు చేరువైన వయస్సులో, కేవలము ఒక కొవ్వొత్తిని గూర్చి ఇచ్చినవి.

ఆఱు ఉపన్యాసములు, ఒక్క కొవ్వొత్తి! మైనము కరగి వత్తి పోగులగుండ పైకి ఎట్లు ప్రాకుచున్నదో మొదట చూపెను. పిదప జ్వాల నడిమి నల్లని భాగములోనికి సన్నని గాజు గొట్టమును చొప్పించి, అందలి ఆవిరిని బయటికి రప్పించి, గొట్టపు కొసన రెండవ జ్వాలను వెలిగించెను. మంచును ఉప్పును నింపిన పాత్రను దీపముపై పట్టగా దాని అడుగున నీటిచుక్కలు చేరినవి. నిప్పునుండి నీరు పుట్టుటను ఆ పిల్లలు కన్నులార చూచిరి. జ్వాలనుండి వచ్చు బొగ్గుపులుసు గాలి సున్నపుతేటను పాలవలె తెల్లబరచునని చూపి, మనుష్యుని ఊపిరియు అట్లే తెల్లబరచునని చూపి, దీపము వెలుగుటయు దేహము బ్రతుకుటయు ఒక జాతి వ్యాపారములేయని కడపటి దినమున వారి ముందుంచెను. తాను ఉత్సాహములో వేగముగా మాటలాడుదునని ఎఱిగి, 'మెల్లగా' అని వ్రాసిన అట్టముక్కనొకదానిని తన యెదుట పెట్టించుకొనెడివాడట. నేటి చిత్రనిర్మాతల బల్లలమీద ఆ అట్టముక్క ఎక్కడను కనబడదు.

ఆ క్రిస్మస్ ఉపన్యాసములు 1936లో తొలిసారి టెలివిజనుకెక్కెను; 1966 మొదలు ఏటేట ప్రసారమగుచున్నవి. కనుక నేడు మనము చూచు విజ్ఞానచిత్రములకు పుట్టినిల్లు సినిమాశాల కానేకాదు. ఆ పాత ఉపన్యాసమందిరమే.

ఫారడే నిప్పును ఊపిరితో ముడిపెట్టి విడిచెను. ఆ ముడిని ఆవలికి సాగదీసినవాడు రిచర్డ్ ఫైన్‌మన్. ఇతడు 1918లో న్యూయార్కున జన్మించి, 1965లో నోబెల్ బహుమతి పొందిన సిద్ధాంతవేత్త. 1964లో కార్నెల్ విశ్వవిద్యాలయమున ఇతడిచ్చిన ఏడు ఉపన్యాసములను బి.బి.సి. వారు చిత్రీకరించియుండిరి. నాకు వానికంటె 1983లో వారే తీసిన చిన్న చిన్న భాగములమీద మక్కువ ఎక్కువ. అందు పర్వతములు లేవు, సంగీతము లేదు. కుర్చీలో కూర్చున్న ఒక మనిషి, అతని రెండు చేతులు, ఇంతే సరంజామా. ఆ చేతులు నిముసమైనను ఊరకుండవు. పరమాణువులు కంపించుటను, ఒకదానినొకటి పట్టుకొనుటను, దులుపుకొని పోవుటను ఆ వ్రేళ్లే నటించుచుండును. చెట్టు ఎచ్చటనుండి పుట్టుచున్నదని అడిగినచో మనము నేలనుండియందుము. అతడు కాదనును, చెట్టులోని కఱ్ఱ ముఖ్యముగా గాలినుండి వచ్చినదనును. గాలిలోని బొగ్గుపులుసు గాలిని ఆకులు పట్టి, సూర్యకాంతి బలముతో అందలి కర్బనమును తమవద్ద ఉంచుకొని, ప్రాణవాయువును బయటికి వదలును. ఏండ్లు గడచిన పిమ్మట ఆ కఱ్ఱను మనము పొయ్యిలో పెట్టినప్పుడు, విడిపోయిన ఆ రెండును మరల కలిసికొనును; ఆనాడు వానిని విడదీయుటకు వ్యయమైన ఎండయే ఈనాడు వేడిగాను వెలుతురుగాను తిరిగివచ్చును. పొయ్యి యెదుట కూర్చుండి చలి కాచుకొనువాడు ఏనాటి ఎండనో కాచుకొనుచున్నాడన్నమాట. ఈ మాట విన్ననాటినుండి నేను కట్టెలమోపును పూర్వమువలె చూడలేకపోవుచున్నాను.

ఇదే పరంపరలో, రెండు అయస్కాంతములు ఒకదానినొకటి ఏల నెట్టుకొనుచున్నవని ప్రశ్నించినవానికి ఫైన్‌మన్ ఇచ్చిన సమాధానమును కొందఱు మెచ్చుకొనరు, విసుగుకొన్నాడందురు. నిజమునకు అతడు చెప్పినది ఏమనగా: 'ఏల' అను ప్రశ్నకు అంతము లేదు, ఏదోయొక చోట ఇరువురును ఒప్పుకొన్న మెట్టుమీద ఆగవలెను, మీకు చిరపరిచితమైన మఱొక వస్తువుతో పోల్చి అయస్కాంతశక్తిని చెప్పినచో అది మిమ్ము మోసగించుటయే యగును. రబ్బరు పట్టీలతో పోల్చి చేతులు దులుపుకొనుట అతనికి ఎంత సులభము! ఆ పోలిక వద్దనుటకే ధైర్యము కావలెను. పోలికలను అడుగడుగునను వెదజల్లు నేటి చిత్రములను చూచినపుడెల్ల నాకు ఆ నిరాకరణము గుర్తుకు వచ్చుచుండును.

ఇతని చేతి మహిమను లోకమంతయు చూచిన దినమొకటి కలదు. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక ఆకాశమున బ్రద్దలై, అందలి ఏడుగురును మరణించిరి. విచారణసంఘములో సభ్యుడైన ఫైన్‌మన్, ఫిబ్రవరిలో టెలివిజను కెమేరాల యెదుట జరుగుచున్న సమావేశమున, రాకెట్టు అతుకులలో వాడిన రబ్బరు వలయపు ముక్కనొకదానిని చిన్న బిగింపులో బిగించి, త్రాగుటకు తెచ్చియిచ్చిన మంచునీళ్ల గ్లాసులో ముంచెను. బయటికి తీసి బిగింపు వదలగా, రబ్బరు వెంటనే తన రూపమునకు తిరిగి రాలేదు. నౌక బయలుదేరిన ఉదయమున చలి అధికము. చలికి రబ్బరు సాగుడు కోల్పోయినది. సుదీర్ఘమైన నివేదికలు మూటకట్టి దాచియుంచిన నిజమును ఒక గ్లాసెడు నీళ్లు బయటపెట్టినవి. అది డాక్యుమెంటరీ కాదు. అయినను అంతకు మించిన విజ్ఞానచిత్రమును నేనెఱుగను.

ఇక కార్ల్ సాగన్. ఇతనిని శుద్ధ భౌతికశాస్త్రజ్ఞుడనిన ఖగోళశాస్త్రజ్ఞులు ఒప్పుకొనరేమో. భౌతికశాస్త్రమున పట్టము పొంది, షికాగోలో ఖగోళభౌతికమున డాక్టరేటు సంపాదించినవాడు గనుక ఇరుపక్షములకును చెందినవాడే. 1980లో అమెరికాలోని ప్రజాటెలివిజనులో వచ్చిన 'కాస్మాస్' పదుమూడు భాగములును ఇతని కీర్తిని దేశదేశములకు కొనిపోయినవి. ఆ చిత్రమున ఊహానౌకయని ఒకటి కలదు. అందు కూర్చుండి సాగన్ విశ్వమంతయు విహరించుచుండును. నాకు ఆ నౌక అంతగా రుచింపలేదు. కిటికీవైపు ఆశ్చర్యముతో చూచు ముఖమును చాలసేపు చూడవలసివచ్చును. కాని మొదటి భాగముననే ఎరటోస్థనీస్ కథ యున్నది. దానికై ఎన్ని నౌకలనైనను క్షమింపవచ్చును.

క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో గ్రంథాలయాధికారియైన ఎరటోస్థనీస్, దక్షిణమున నున్న సయీన్ పట్టణములో సంవత్సరమున ఒక దినము మిట్టమధ్యాహ్నమున నిలువుకంబములకు నీడ పడదని చదివి, అదే దినమున అలెగ్జాండ్రియాలో నీడ పడుచుండుట చూచెను. సాగన్ ఈ సంగతి చెప్పుచు, రెండు చిన్న స్తంభములు నిలిపిన ఈజిప్టు పటపు అట్టను చేత పట్టుకొనెను. అట్ట చదునుగా నున్నంతసేపు ఎండలో రెండింటి నీడలును సమానములే. ఒక దానికి నీడ లేకున్న రెండవదానికిని లేదు. అతడు అట్టను మెల్లగా వంచెను. ఒక స్తంభపు నీడ మాయమైనది, రెండవదాని నీడ సాగినది. భూమి గుండ్రనిదను మాటను పుస్తకములలో చదివి ఒప్పుకొన్న మనము, ఆ రెండు బొటనవ్రేళ్ల ఒత్తిడిలో దానిని కనుగొందుము. నీడల తేడా ఏడు డిగ్రీలు, అనగా వృత్తములో సుమారు ఏబదవ వంతు. రెండు పట్టణముల నడిమి దూరము సుమారు 800 కిలోమీటర్లు. దానిని ఏబదిచే గుణింపగా 40,000. కఱ్ఱలు, కన్నులు, కాళ్లు, వానికి తోడు కొంత బుద్ధి, ఇంతకు మించి ఏ పరికరమును లేకయే భూమి చుట్టుకొలత అరచేతికి వచ్చినది.

సాగన్ మన దక్షిణదేశమునకును వచ్చెను. పదవ భాగమున తమిళనాటి పొంగలిపండుగను, చోళుల కాలపు కంచు నటరాజును చూపుచు, హిందువుల కాలగణనమును ప్రశంసించెను. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరములు, పగలును రేయియు కలిసి 864 కోట్లు. నేటి శాస్త్రజ్ఞులు చెప్పు ఖగోళకాలముల పరిమాణమునకు ఈ లెక్క చేరువగా నున్నదని అతడు మెచ్చెను. మనవారు ఈ ప్రశంసను యోగ్యతాపత్రమువలె సభలయందు చదువుచుందురు. అయితే, 'కాస్మాస్' అను పేరుగల తన గ్రంథమున అతడు ఆ పోలిక కేవలము యాదృచ్ఛికమేయని ఒక చిన్న మాటను చేర్చియుండెను. మన సభలయందు ఆ మాటయొక్కటి ఎట్లో జారిపోవుచుండును.

ఇంత పేరు తెచ్చిన పనికి స్వజనులు ఇచ్చిన బహుమానమును కూడ చెప్పవలసియున్నది. 1992లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యత్వమునకు సాగన్ పేరు ప్రతిపాదింపబడినను, సభ్యులు దానిని అంగీకరింపలేదు. రెండేండ్లకు అదే అకాడమీ ప్రజాహితమునకై ఇచ్చు పతకమును ఇతనికి సమర్పించెను. వీధిలోనికి వచ్చి పాఠము చెప్పిన పండితుని తోటి పండితులు కొంత తక్కువచూపు చూచుట అన్ని దేశములందును ఉన్నదే. కాని వీధిలో ఎవరు వినుచున్నారో ఎవరికి తెలియును? 1975 డిసెంబరులో, మంచు కురియుచున్న ఒక దినమున, నీల్ డిగ్రాస్ టైసన్ అను పదునేడేండ్ల నల్లజాతి బాలుడు సాగన్‌ను చూడవచ్చినపుడు, అతడు ప్రయోగశాలనంతయు తానే త్రిప్పి చూపి, బస్సు ఆగిపోయినచో తమ యింటికే రమ్మని ఫోను నెంబరు వ్రాసియిచ్చెనట. 2014లో 'కాస్మాస్' నూతనరూపమున వచ్చినపుడు దానిని నడిపినవాడు ఆ బాలుడే. డేవీ ఉపన్యాసమును అట్టకట్టుకొన్న ఫారడే కథకు ఇది తోబుట్టువువంటిది. అయినను నిష్పక్షపాతముగా చెప్పవలెనన్న, ఆ రెండవ చిత్రమున పూర్వశాస్త్రజ్ఞుల చరిత్రను బొమ్మల సినిమాగా చూపిరి. బొమ్మ చేతికి బరువు తెలియదు గదా.

ఈ వరుసలో గణితశాస్త్రజ్ఞుడొకనిని చేర్చుచున్నందుకు మన్నింపుడు. 1973లో జేకబ్ బ్రొనౌస్కీ నడిపిన 'మానవుని ఆరోహణము' అను పదుమూడు భాగముల చిత్రమున, పదునొకండవది భౌతికశాస్త్రములోని అనిశ్చయసూత్రమును గూర్చినది. ఎంత సూక్ష్మముగా కొలిచినను కొలతలో కొంత సందు మిగిలియుండునని, తనకు సంపూర్ణసత్యము తెలిసినదనుకొనువాడు మనుష్యులకు అపాయకరుడని చెప్పుచు, అతడు ఆష్‌విట్జ్ మృత్యుశిబిరమునకు నడచెను. అతని బంధువులు పెక్కురు మరణించిన చోటు అది; వారి చితాభస్మము కలిసిన నీటిమడుగు అది. ధరించిన సూటుతోను, బూట్లతోను ఆ మడుగులోనికి దిగి, వంగి, గుప్పెడు బురదను పైకి ఎత్తెను. ఆ దృశ్యమును గూర్చి ఇంతకంటె చెప్పను.

మన కాలపువారిలో మాంచెస్టరు విశ్వవిద్యాలయపు బ్రయాన్ కాక్స్ పేరు వినని టెలివిజను ప్రేక్షకుడు అరుదు. యౌవనమున ఒక పాటలబృందమున వాద్యకారుడై, పిదప కణభౌతికమునకు వచ్చినవాడు. 2011లో వచ్చిన ఇతని చిత్రమున మాటలను మ్రింగివేయునంత సంగీతమున్నదని ప్రేక్షకులు మొఱపెట్టుకొనగా, బి.బి.సి. వారు ధ్వనిని తగ్గింపవలసివచ్చినది. కొండకొనయందు నిలువబడి దిక్కులు చూచుచు మాటలాడు కాక్స్ నాకు పరాయివాడుగా తోచును. కాని, 2010 నాటి సౌరకుటుంబపు చిత్రమున, డెత్ వ్యాలీ యను మండుటెడారిలో, ఒక నీళ్ల డబ్బా, ఒక ఉష్ణమాపకము, ఒక గొడుగు పట్టుకొని కూర్చున్న కాక్స్ మనవాడు. గొడుగునీడలో డబ్బాను ఉంచి, నీడ తొలగించి, ఎండకు నీళ్లు ఎంత వేగముగా వేడెక్కునో చూచి, భూమిపై గజమెడు చోట ఎంత ఎండ పడుచున్నదో లెక్కించి, ఆ లెక్కను సూర్యుని చుట్టును అంతటను పరచి, సూర్యుని మొత్తము శక్తిని, అనగా నాలుగు ప్రక్కన ఇరువదియాఱు సున్నలు పెట్టినన్ని వాట్లను, రాబట్టెను. పందొమ్మిదవ శతాబ్దమున జాన్ హెర్షెల్ చేసిన ప్రయోగమిది. సూర్యునివంటివానిని డబ్బాలో పట్టుటకు గొడుగు చాలునన్నచో, ఆ కొండలు, ఆ సంగీతము ఎందులకు?

అదే చిత్రమునకై కాక్స్ 2009 జూలై 22న కాశిలో గంగయొడ్డున నిలిచి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచెను. గ్రహణమనగానే నాకు మన సంగతి తలపునకు వచ్చుచున్నది. 1980 ఫిబ్రవరి 16న చంద్రుని నీడ తెలుగుదేశము మీదుగానే సాగిపోయినది. హైదరాబాదునకు చేరువ నున్న జపాల్-రంగాపూర్ వేధశాల ఆ దారిలోనిదే. దేశవిదేశముల శాస్త్రజ్ఞులు యంత్రములతో కాచుకొని కూర్చుండిరి. తక్కిన జనము తలుపులు బిగించుకొనిరి. వీధులు నిర్మానుష్యములయ్యెను. జనులు బయటికి రాకుండుటకై టెలివిజనులో ఆ వేళకు ఒక హిందీ హాస్యచిత్రమును వేసిరి! నేనును ఒక మూసిన తలుపు వెనుకనే యుంటిని. పెద్దవారు పళ్లెములో నీళ్లు పోసి రోకలిని నిలువబెట్టుచుండగా, గ్రహణబలముచేత అది నిలుచుచున్నదని నమ్మి చూచుచుంటిని. మఱునాడు అదే రోకలిని అదే పళ్లెములో నిలిపి చూడవలెనని ఇంటిల్లిపాదిలో ఒక్కరికిని తోచలేదు. ప్రయోగము సగము చేసి ఆపివేయుట మనకు పరిపాటి.

పదునైదేండ్లు గడచెను. 1995 అక్టోబరు 24న ఉత్తరదేశమున మరల సంపూర్ణ గ్రహణము. ఈ పర్యాయము దూరదర్శన్ దానినే ప్రత్యక్షముగా ప్రసారము చేసినది. తెరపై కూర్చుండి, భయము వలదని, తగిన జాగ్రత్తతో బయటికి వచ్చి చూడుడని చెప్పినవారు ఆచార్య యశ్‌పాల్ గారు. విశ్వకిరణములను పరిశోధించిన ఈ భౌతికశాస్త్రజ్ఞుడు 'టర్నింగ్ పాయింట్' కార్యక్రమమున ప్రేక్షకుల ప్రశ్నలకు చెప్పిన సమాధానములు మీలో పలువురకు జ్ఞప్తియుండును. అంతకు ముందే, అహమ్మదాబాదు అంతరిక్ష వినియోగ కేంద్రమునకు అధిపతిగా, 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము సాగిన ఉపగ్రహ టెలివిజను ప్రయోగమును నడిపినవారు ఆయనయే. అమెరికావారి ఉపగ్రహము ఆకాశమున. ఆఱు రాష్ట్రములలో 2,400 గ్రామములు నేలమీద. ఆ ఆఱింటిలో ఆంధ్రప్రదేశమొకటి. కోళ్లగూళ్లకు వాడు ఇనుపవలతో పదియడుగుల గొడుగులవంటి ఆంటెన్నాలు అల్లి, పంచాయతీ అరుగులమీద నిలిపిరి. ఉదయము పిల్లలకు, సాయంకాలము పెద్దలకు, తెలుగున మాటలు దిగివచ్చినవి. కోళ్లవలలో ఉపగ్రహమును పట్టిన ఆ పనిని ఎవరైనను చక్కని చిత్రముగా తీసినచో చూడవలెనని నా కోరిక.

ఇటీవల విదేశచిత్రములకు తెలుగు గళమును జోడించి ప్రసారము చేయుచున్నారు. సంతోషమే. అయితే ఒక లోపము. మూలమున శాస్త్రజ్ఞుడు మాట మధ్య ఆగును, తటపటాయించును, అన్నమాటను సవరించుకొనును. తెలుగు గళము మాత్రము పంచాంగశ్రవణమువలె నిరాటంకముగా సాగిపోవును. ఆ తటపటాయింపులోనే శాస్త్రమున్నదని అనువదించువారికి తెలుపువారెవరు? మహీధర నళినీమోహన్ గారివంటి భౌతికశాస్త్రజ్ఞులు తెలుగు వాక్యమునకు ఆ తడుముకొనుటను, ఆ చమత్కారమును నేర్పిపోయిరి. వారి పుస్తకములు చదివినవానిని ఆ పనికి పిలిచినచో బాగుండును.

బాల్యమున విశాఖపట్టణములో చదివిన సర్ సి.వి. రామన్, 1921లో ఓడప్రయాణమున సముద్రపు నీలిమను పరీక్షించుటకు జేబులో ఒక చిన్న స్ఫటికమును ఉంచుకొనెను. పిదప ఆకాశవాణిలో ప్రసంగించునాడు దానిని చూపు వీలు ఆయనకును లేకపోయినది. నాకును లేదు. కనుక ఆ పని మీ చేతికే ఇచ్చెదను.

రాత్రి కరెంటు పోయినపుడు కొవ్వొత్తి వెలిగింతురు గదా. కరెంటు తిరిగి వచ్చినవెంటనే దానిని మెల్లగా ఊది ఆర్పుడు. వత్తినుండి తెల్లని పొగ తీగవలె లేచును. వెలుగుచున్న అగ్గిపుల్లను వత్తికి తాకింపక, రెండంగుళముల ఎత్తున, ఆ పొగతీగకు మాత్రము తాకింపుడు. ఫారడే ఆ పిల్లల యెదుట చేసినదిదే. జ్వాల ఆ పొగవెంట క్రిందికి దిగివచ్చి వత్తిని అంటుకొనును. పిల్లలు చేయునపుడు పెద్దలు ప్రక్కన ఉండవలెను, ఫ్యాను ఆపవలెను. గాలి కదలినచో మొదటిమారు తప్పవచ్చును. మరల వెలిగింపుడు.